మూడు గంటల దూరంలో మా బాపు

మా చిన్నప్పుడు ఒక సాయంత్రం... బడి నుంచి పరుగెత్తుకొచ్చి, మంచం పట్టిన నానమ్మకు చెప్పాను, బొంబాయి నుంచి దుబాయ్‌కి విమానంలో మూడు గంటలేనని. ఆ రోజే సారు పటం మీద దారం పెట్టి కొలిచి చూపించారు... రెండు వేల కిలోమీటర్లు కూడా ఉండదన్నారు.

నానమ్మ అడిగింది.

"మూడు గంటలేనా బిడ్డా? మనం కొండగట్టు పోయి మొక్కి అచ్చేటంత సేపే గదా. మరి మీ బాపు ఎందుకు అస్తలేడు?"



మాది కోరుట్ల పక్కన పల్లె. బాపు, అంటే మా నాన్న, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. కరువుకు చెట్లు ఎండిపోతే, దుబాయ్‌లో బిల్డింగులు కట్టే పనికి పోయాడు. అప్పటికి రెండేళ్లయింది...

నానమ్మను ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాక, అమ్మ కోరుట్లలో ఎస్టీడీ బూత్ నుంచి బాపుకు ఫోన్ చేయించింది. ఆయన సెలవు వంతుకు ఇంకా ఏడాది ఉందట. ఒకరు పోయొచ్చాకే ఇంకొకరట. 

వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు...

నానమ్మ రెండు చేతులతో ఆయన మొహం తడిమింది.

"ఎంతసేపు పట్టింది కొడుకా?"

"మూడు గంటలే అవ్వా."

బొంబాయి నుంచి రోజంతా బస్సులో కూర్చున్న సంగతి ఆయన చెప్పలేదు.

నానమ్మ ఇంకో పన్నెండు రోజులు బతికింది. ముంతతో అంబలి బాపే తాగించేవాడు. ఆయన చేతుల్లోనే కన్నుమూసింది.

దినాలయ్యాక బాపు అసలు సంగతి చెప్పాడు. ఆ సెలవు ఆయనది కాదు... గదిలో పక్క మంచం మీద పడుకునే వీర్నపల్లి రాజయ్యది... బాబాయిని పిలిచినట్టు ఆయన్ని కాక అనేవాళ్లం. తాను దుబాయ్ పోయాక పుట్టిన కూతుర్ని కాక అప్పటికింకా చూడనే లేదు. పెట్టె సర్దుకున్న మనిషి, బాపు ఏడుస్తుంటే చూడలేక సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, నా బదులు ఇతన్ని పంపండి అన్నాడట.

మరుసటి ఏడు కాక వచ్చాడని తెలిసి, అమ్మా నేనూ సిరిసిల్ల మీదుగా బస్సులో వీర్నపల్లి వెళ్లాం. మూడేళ్ల పాప తండ్రిని గుర్తుపట్టక తల్లి కొంగు చాటున దాక్కుంటోంది. అది చూస్తున్న అమ్మతో కాక అన్నాడు.

"నా బిడ్డ ఆగుతది వదినా. ముసలవ్వ ఆగదు గదా."

ఇప్పుడు హైదరాబాద్ నుంచే దుబాయ్‌కి విమానాలు... నాలుగు గంటల్లో దిగిపోతున్నాం, పక్క సీట్లో ఎవరున్నారో కూడా చూడకుండా. కాక చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు మా ఇంటి బయట ఎవరికీ తెలియదని ఇవాళ ఇక్కడ రాశాను. మీ ఇంటికి కూడా ఇట్లా తమ వంతు ఇచ్చినవాళ్లుంటే... వాళ్ల పేర్లు ఈ కింద రాయండి. చదువుతాను.