నీలవేణి పేరు మీద మారిన వంతు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శ్మశానం పక్క తోటలో ముప్పై ఏళ్లు జీడిపిక్కలు ఏరాను, ఒక్క దెయ్యమూ కనపడలేదు. చదివింది మూడో తరగతి. అందుకని చూసింది చూసినట్టే రాస్తున్నాను.

పలాసలో మేము డయాలసిస్ చేయించుకునే చోట వంతుల జాబితా కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని చూసుకునేది నా మనవరాలు శిరీష. గుమ్మం దగ్గర కూర్చుని పేర్లు పిలిచేది నీలవేణి. ఆమెకు జాబితా చూసే అనుమతే గాని మార్చే అనుమతి లేదు.

నీలవేణి జ్వరంతో పోయింది. మా ఇళ్లలో సంవత్సరీకం కాకుండా పోయినవాళ్ల పేరు కొట్టెయ్యరు. కంప్యూటర్‌లోనూ ఉంచమని శిరీషను గదమాయించింది నేనే.

మూడు నెలలకు ఒక పొద్దున్న గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్నాను. మొదటి వంతు నాదే. బయట మంచు ఇంకా విడలేదు. ఎండా నీడా కాని వెలుతురు. వెనక పేర్లు పిలిచే చోట కీబోర్డు మెల్లగా టకటకమంటోంది.

"అక్కుపల్లి సోమమ్మప్పా, బేగి రా. ముందు నువ్వే."

అది నీలవేణి గొంతు. తిరిగి చూస్తే ఆమె కుర్చీ ఖాళీ. తెర మీద సోమమ్మ మొదట, నేను రెండో పేరు. ఆమె వంతు మధ్యాహ్నం కదా అని కోపం వచ్చింది.

నర్సు జాబితా చూసి సోమమ్మ కోసం మెషిన్ సిద్ధం చేసింది. అంతలో ఆటోలోంచి సోమమ్మను మోసుకొచ్చారు. ఊపిరి అందడం లేదు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

మార్చింది ఎవరని చూస్తే నీలవేణి పేరుంది. ఆమె పాస్‌వర్డ్ శిరీషే ఎవరికో ఇచ్చిందని, ఉద్యోగం తీసేస్తామని ఆసుపత్రి వాళ్లు అన్నారు. ఆ వేళకు పిల్ల ఇంకా పూండి నుంచి వచ్చే రైల్లోనే ఉంది. విశాఖ నుంచి ఇంజనీరు వచ్చి రెండు రోజులు వెతికాడు.

"అమ్మమ్మా, డేటాబేస్‌లోనే కన్నముందట. సూడ్డానికొచ్చినోలు మొత్తం పెత్తనం పట్టుకోవచ్చట," అంది శిరీష.

"అంటే వాకిట్లో నిలబడ్డది బీరువా తాళాలు తీసీసిందన్నమాట."

"అదే."

కన్నం పూడ్చారు. పిల్ల ఉద్యోగం నిలిచింది. కానీ ఆ పొద్దున్న మార్పు గుమ్మం దగ్గరి కంప్యూటర్ నుంచే జరిగిందట. అక్కడున్నది నేనొక్కదాన్నే. కుర్చీలో ఎవరూ లేరని చెబితే, ముసలామె కునుకు తీసిందని రాసుకున్నారు.

ఆ కన్నంలోంచి వచ్చిందెవరని ఇంజనీరును అడిగాను. ఆయన బ్యాగు సర్దుకున్నాడు. నాకూ తెలియదు. నిద్రపోయానని మాత్రం ఒప్పుకోను.