అరవై నాలుగో సీను

మా సీరియల్ రాసే గదిలో అందరూ ఆవిడను కార్డులక్క అనేవారు. డైలాగులు రాసే నాతో కలిపి కథ చెప్పేవాళ్లం నలుగురం, నలుగురివీ నాలుగు దారులు. మా వాదులాటంతా విని, స్క్రీన్‌ప్లే సాఫ్ట్‌వేర్‌లో సీనుకో కార్డు పెట్టి, అత్తకు ఎరుపు, కోడలికి పసుపు వేసి, కథను వరుసలో నిలబెట్టేది ఆవిడే. పదకొండేళ్లుగా అదే కుర్చీ, కిటికీ లేని అదే గది. ఏసీ నెత్తిమీదే కాబట్టి ఎప్పుడూ శాలువా ఉండాల్సిందే. కోడలు ఇల్లు వదిలి వెళ్లబోయిన ప్రతిసారీ గుమ్మంలోంచి వెనక్కి లాక్కొచ్చే కార్డు కూడా ఆవిడే పెట్టాలి. అలా ఎన్నిసార్లు లాక్కొచ్చామో తలుచుకుంటే మాకే సిగ్గేసేది.

ఆవిడ దగ్గర సొంతంగా ఒక సినిమా కథ ఉంది. ఇరవయ్యేళ్లు ఇంటెడు చాకిరీ చేసిన ఒకావిడ, ఒక మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించి, తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి బస్సెక్కేస్తుంది. అంతే. మళ్లీ రాదా అని అడిగాను.

"రాదు తమ్ముడూ. వచ్చేదైతే నేను రాయడమెందుకు?"

ఒక దర్శకుడు కథ వింటానన్నాడట. ఆయన ఊఁ అంటే ఈ గదికో దణ్ణం పెట్టి పోతానంది.

సాఫ్ట్‌వేర్ ఉన్నది ఆఫీసు కంప్యూటర్లోనే. అందుకని భోజనాల వేళ సీరియల్ ఫైలు చివరనే తన కార్డులు బూడిదరంగులో పెట్టుకునేది. మేం వచ్చేసరికి ఆ రంగు కార్డులు తెరమీద కనబడకుండా మూసేసేది. తన తెరమీద కనబడనివి ఎవరి తెరమీదా కనబడవనుకుంది పిచ్చితల్లి. మాకందరికీ ఆ సాఫ్ట్‌వేర్ నేర్పిన మనిషి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆవిడ మీద కాదు, నా మీద. శుక్రవారం శుక్రవారం ఆ ఫైలును నిర్మాతకు పంపేది నేనే. చివరిదాకా చూడకుండా ఆ బూడిదరంగు కార్డులతో సహా పంపేశాను.

నిర్మాత స్వయంగా వచ్చాడు. చీవాట్లు తప్పవనుకుంటే మెచ్చుకోలు మొదలుపెట్టాడు. ఫైలు చివరనున్న కథ మన కోడలికి అతికినట్టు సరిపోయిందని, సీన్లకు నంబర్లు ఖాయంచేసి షూటింగ్‌కు పంపేశానని చెప్పాడు. అది తన సినిమా కథ అని అక్క నెమ్మదిగా అంది.

"ఈ కుర్చీలో కూర్చుని రాసింది మనది కాక ఇంకెవరిదమ్మా?" అని నవ్వాడు. "ఆ బస్సు సీనొక్కటి తీసెయ్. కోడలు వెళ్లిపోతే మనం రేపేం చూపిస్తాం?"

మేం నలుగురం తలలు దించుకున్నాం. టీవీలో వచ్చేసిన కథను ఏ దర్శకుడూ వినడని అందరికీ తెలుసు.

అక్క ఆ బస్సు కార్డు తీసేసింది. నంబర్లు ఖాయమయ్యాక సీను పోయినా దాని నంబరు పోదు. అరవై నాలుగు పక్కన "తొలగించబడినది" అన్న ఒక్క మాట మిగిలింది. ఆవిడ దాన్ని కాసేపు చూసి, శాలువా సర్దుకుని, కింద పసుపు కార్డు పెట్టింది. అరవై అయిదు: వీధి చివరిదాకా వెళ్లిన కోడలు తిరిగొచ్చి పక్కింటి తలుపు తడుతుంది.

"తమ్ముడూ, తాళంచెవి తిరిగిచ్చేటప్పుడు పక్కింటావిడ ఏమంటుందో రాసిపెట్టు," అంది నా వైపు చూడకుండా.

రాసిపెట్టాను.