హంటర్‌కు వేయని నిచ్చెన

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఏదో తిరుగుతోందని, వాసన వచ్చిందంటే ఏదో కారుతోందని నమ్మినవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో చేరకముందు నేను వైమానిక దళంలో ఫిట్టర్‌ని. డెబ్బై ఒకటి యుద్ధంలో మాది హంటర్ యుద్ధవిమానాల స్క్వాడ్రన్. హంటర్ కాక్‌పిట్ చాలా ఎత్తు. నిచ్చెన లేకుండా ఎక్కడం, దిగడం కష్టం. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పైలట్‌ను సీటులో కూర్చోబెట్టి బెల్టులు బిగించిన మనిషే, ఆ విమానం తిరిగొచ్చేదాకా నిచ్చెనతో అక్కడే ఉండాలి. ఎవరు పిలిచినా కదలకూడదు.

ఒకరోజు రెండు విమానాలు వెళ్ళి ఒకటే వచ్చింది. రెండోదానికి దెబ్బ తగిలిందని, పొగ కక్కుతూ కిందికి జారిపోతుంటే చూశానని వచ్చిన పైలట్ చెప్పాడు. రేడియోలో ఎంత పిలిచినా పలుకు లేదు. అది నేను పంపిన విమానం. కాసేపు నిలబడ్డాను. చలి, ఆకలి. ఇంకెక్కడ వస్తాడులే అనుకున్నాను. నిచ్చెనను పక్క విమానం వాళ్ళకిచ్చి టీ తాగడానికి పోయాను.

అతను వచ్చాడు. రేడియో పాడైంది, తొడకు గాయమైంది. అయినా విమానాన్ని దించి, సరిగ్గా నా చోటికే తెచ్చి ఆపాడు. నేను గ్లాసు పారేసి పరుగెత్తేసరికి, కాక్‌పిట్‌లోంచి చెయ్యి బయటపెట్టి అరచేత్తో విమానం రేకు మీద కొడుతున్నాడు. నిచ్చెన వెతికి తెచ్చేలోపు ఆ చప్పుడు ఆగిపోయింది.

గాయం పెద్దది, అందుకే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. నిచ్చెన గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కొన్నేళ్ళ తరువాత, పాల్వంచలో ఉంటున్నప్పుడు, నా బావమరిది సమ్మయ్యతో కలిసి భద్రాచలం అవతల అడవిలో ఒక కోయగూడేనికి జీలుగు కల్లు కోసం వెళ్ళాను. సమ్మయ్య బొగ్గుబాయిలో పనిచేస్తాడు. నోరు ఊరుకోదు. కల్లు గీసే జోగయ్య అతనికి పాత దోస్తు. జీలుగు చెట్టుకు వాళ్ళ నిచ్చెన ఒక పొడవాటి వెదురు. దానికి నరికి వదిలిన కొమ్మల మొదళ్ళే మెట్లు. పొద్దుండగానే జోగయ్య దాని మీదుగా ఎక్కాడు.

సమ్మయ్య వెదురును లాగి చేతిలో పట్టుకున్నాడు.

"ఓ జోగన్నా! ఇంకో లొట్టి కల్లు ఉత్తగ ఇస్తనంటెనే నిచ్చెన వేస్త. లేకుంటె ఆడనే పండుకో!"

"నీ అత్తగారిల్లు అనుకున్నవా గిది? దిగినంక చెప్త నీ సంగతి!" అని పైనుంచి నవ్వు.

నేనూ నవ్వాను.

అప్పుడు వినిపించింది. హంటర్ నేల మీద దొర్లుకుంటూ వచ్చి ఆగాక, ఇంజన్ ఆపితే వచ్చే ఈల. సన్నబడుతూ, దిగిపోతూ పోయే ఈల. వేరే ఏ యంత్రం నుంచీ నేను అది వినలేదు. తలెత్తి చూశాను. ఆకాశం ఖాళీ. చప్పుడు పైనుంచి రాలేదు, చెట్ల మధ్య నేల మీదినుంచి వచ్చింది.

సమ్మయ్యకు ఈల వినిపించలేదు. ముక్కు ఎగబీల్చి, "బావా, గీ అడవిల కిర్సనాయిల్ ఎవలు కాలవెట్టిండ్రు?" అన్నాడు. హంటర్‌లో పోసేదీ ఒక రకం కిరసనాయిలే.

ఆ వెంటనే రేకు మీద అరచేతి దెబ్బలు.

సమ్మయ్య చేతిలోంచి వెదురు లాక్కున్నాను. "ఏందే బావా, తమాషకు గదా!" అంటున్నా వినకుండా చెట్టుకు ఆనించి, రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాను. జోగయ్య చాలా నెమ్మదిగా దిగాడు. కత్తి జారి మణికట్టు తెగింది. నెత్తురు మోచేతి దాకా కారుతోంది. నేల మీద కాలు పెట్టగానే నా మీదికి ఒరిగిపోయాడు. తువ్వాలు బిగించి కట్టి, దవాఖానాకు తెచ్చాం. బతికాడు.

మర్నాడు మంచం మీద పడుకొని అడిగాడు: "నేనైతే పిలువనే లేదు, గొంతు రాలే. గా రేకు కొట్టింది ఎవలయ్యా?"

తరువాత ఒకసారి ఆ గూడేనికి మళ్ళీ వెళ్ళి చుట్టూ తిరిగి చూశాను. అన్నీ గడ్డి ఇళ్ళే. ఒక్క ఇంటికీ రేకు లేదు. లారీ వచ్చే దారి కూడా లేదు.

జోగయ్యను దవాఖానాలో చేర్చిన రోజునే సమ్మయ్యకు నిచ్చెన సంగతి, నేను విన్న చప్పుళ్ళ సంగతి మొత్తం చెప్పాను.  అంతా విన్నాక, "నిన్ను మాఫ్ చేసిండు బావా. గందుకే వచ్చిండు" అన్నాడు.

మా ఇంట్లోవాళ్ళూ అదే అంటారు. నేను నమ్మలేకపోతున్నాను. ఆ దెబ్బలు రెండుసార్లు విన్నవాణ్ణి. మాఫ్ చేసినవాడు అంత గట్టిగా కొట్టడు. దిగలేక, ఎవరో ఒకరు వస్తారని ఇంకా ఎదురుచూస్తున్నవాడు అలా కొడతాడు.

జోగయ్యకు నిచ్చెన వేశాను. ఆ పైలట్‌కు ఎక్కడ వేయాలో నాకు తెలియడం లేదు.