నా వంతు డైలాగు ఆయనే చెప్పేశారు

ఆ రోజుల్లో నన్ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం మా గైడు వల్ల కూడా కాలేదు. సింగపూర్‌లోని క్లెమెంటిలో అద్దె గది, దగ్గర్లోనే యూనివర్సిటీ, బుద్ధిగా చేసుకుంటే అయిపోయే పీహెచ్‌డీ. అయినా ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్న కాసేపటికే కాళ్ళు వాటంతటవే ఊగేవి. నేను పుట్టింది ఇంకదేనికో అని గట్టి నమ్మకం. (దేనికన్నది మాత్రం తరచూ మారేది. ఫొటోగ్రఫీ అయింది, తబలా అయింది, కొన్నాళ్ళు వంట కూడా అయింది.) అలాంటప్పుడు ఒక అమెరికన్ టీవీ సీరియల్ వాళ్ళు షూటింగుకి సింగపూర్ వచ్చారనీ, హోటల్ వెయిటర్ వేషానికి ఇండియన్ కుర్రాడు కావాలనీ తెలిసింది. వెళ్ళాను, ఎంపికయ్యాను. నాకు ఒకటే డైలాగు: "మీ కోసం ఎవరో వచ్చారు సార్." వెంటనే నా రూమ్మేటు గుంటూరు బావకి (చుట్టరికమేమీ లేదు, అతను అందరికీ బావే) చదువు మానేస్తున్నానని చెప్పేశాను.

"ఒక్క ముక్క కోసం పీహెచ్‌డీ మానేస్తావంట్రా? ముందు ఆ ముక్క సరిగ్గా చెప్పిరా నాయనా," అన్నాడు బావ, చారులో తాలింపు వేస్తూ.

సీన్లో నేను కాఫీ అందించాల్సింది ఒక అమెరికన్ పెద్దాయనకి. ఆయన పేరు ఎవరికీ తెలియదు, ముఖం మాత్రం అందరికీ తెలుసు. జడ్జి, పాస్టరు, హీరోయిన్ తండ్రి, కథ మొదలవగానే చచ్చిపోయే బ్యాంకు మేనేజరు, ఇలా ఏ సినిమాలో చూసినా ఓ మూల ఆయన ఉంటారు. లైటింగు కుదరక షూటింగు ఆగితే, ఆయన నన్ను వెంటబెట్టుకుని పక్కనే తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటరుకి వెళ్ళారు. కాఫీ కొట్టు ఆంటీ ఆయన్ని ఎగాదిగా చూసి, "అంకుల్, ఐ నో యూ లా. యూ మై సిస్టర్ డెంటిస్ట్, రైట్?" అంది సింగపూర్ యాస ఇంగ్లీషులో. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, మీ అక్కగారి పళ్ళెలా ఉన్నాయని అడిగారు.

నేనూ నటుణ్ణవుదామనుకుంటున్నానని చెప్పాను, టేబులు చుట్టూ తిరుగుతూనే.

"పొద్దుటినుంచీ నువ్వు కూర్చోగా చూడలేదు," అన్నారాయన. "మా పనిలో సగానికి పైగా కూర్చోవడమే. వేషం రాకపోతే ఇంట్లో కూర్చోవాలి, వస్తే సెట్లో కూర్చోవాలి."

"మీకు విసుగనిపించదా సార్?"

"ప్రతి వేషమూ ఇదే ఆఖరిదేమో అని ఇప్పటికీ దడే. కాళ్ళు ఊపితే కెమెరాకి కనిపిస్తుంది కదా, అందుకని లోపలెక్కడో ఊపుకుంటాను."

షాటు మొదలైంది. మొదటిసారి నేను ట్రేతో వచ్చి, ఒక క్షణం ఆగి, కెమెరా వైపు తిరిగి, గొంతు బరువు చేసి డైలాగు చెప్పాను. "నువ్వు తెచ్చింది కాఫీ, చావుకబురు కాదు," అన్నాడు డైరెక్టరు. తర్వాతిసారి డైలాగు సగంలోనే ఆగింది. వెలుతురు పోతోంది, ఇంకోసారి చెడితే ఈ వెయిటర్ని తీసేద్దామని అతను ఎవరితోనో అనడం నా చెవిన పడింది. దాంతో మళ్ళీ వెళ్ళేసరికి నోరు తెరిచాను గాని మాట పెగల్లేదు. పెద్దాయన కాసేపు ఆగి, కప్పు అందుకుని, తాపీగా, "నా కోసం ఎవరో వచ్చారు, అంతేనా?" అన్నారు. నేను తలూపాను. డైరెక్టరు ఓకే అన్నాడు. పైగా, తల భలే సహజంగా ఊపావని మెచ్చుకున్నాడు.

"ముక్క చెప్పావా?" అనడిగాడు బావ, రాత్రి గదికి రాగానే.

"ఆయనే చెప్పేశారు," అన్నాను. మర్నాడు పొద్దున్నే ల్యాబుకి పోయి కూర్చున్నాను. కాళ్ళు ఊగుతూనే ఉన్నాయి గాని, ఈసారి లేవలేదు.

ఇన్నేళ్ళకి ఈమధ్య, సింగపూర్‌లోనే బెడోక్‌లోని మా ఫ్లాట్‌లో మా అమ్మాయి ఆ ఎపిసోడ్ ఎక్కడో వెతికి పట్టుకుని టీవీలో పెట్టింది. "నాన్నా, యూ సో స్టిఫ్ లా," అని తీర్పు చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుని, ఈసారి పెద్దాయన్నే చూశాను. నోరు పెగలని ఆ కుర్రాడు ఏం చెబుతాడోనని, ప్రపంచంలో తనకింకే పనీ లేనట్టు, ఆయన ఎంత శ్రద్ధగా ఎదురుచూస్తున్నారో. వెయిటరు కుర్రాడు మాత్రం కెమెరానే చూస్తున్నాడు. "ఇటు కాదురా బాబూ, ఆయన్ని చూడు," అని వాడికి చెప్పబోయి, నవ్వొచ్చి ఊరుకున్నాను.