జీవమ్మ గాలానికి గిలక

నంద్యాల మిషన్ ఆసుపత్రిలో జీవమ్మ పాతికేళ్లు కాన్పుల వార్డు ఆయాగా పనిచేసింది. నేను ఆమెను ఎరిగేనాటికి జుట్టు నెరిసి, నడుం కాస్త వంగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడి మణికట్టును మెల్లగా వెనక్కి ఎత్తి, క్షణం ఆగి, ముందుకు వదిలేది. ఎదుట ఏమీ ఉండదు. ఆ చెయ్యి మాత్రం గాలిలో ఏదో దారాన్ని సాగదీస్తున్నట్టే ఉండేది. ఇదేం అలవాటని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది ఈ సంగతి.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆ ఆసుపత్రిలో ఎథెల్ దొరసాని అనే నర్సమ్మ ఉండేది. పల్లెలకు వైద్యానికి వెళ్లినప్పుడల్లా జీవమ్మను వెంట తీసుకుపోయేది. కుందూ నది ఒడ్డున డేరా వేసుకున్న రోజుల్లో, రోగులు రాకముందే దొరసాని ఒక సన్నటి గాలం కర్ర పట్టుకుని నీటి దగ్గరికి వెళ్లేది. వెదురు చీలికలు అతికించి చేసిన కర్ర అది. మూడు ముక్కలుగా విడదీయవచ్చు. పది తులాలకు మించి బరువుండదు. దాని కొక్కేనికి వానపాము కట్టరు, సీసపు గుండు వేలాడదీయరు. రవ్వంత కొక్కేనికి కోడి ఈకా పట్టుదారమూ చుట్టి, చూడ్డానికి ఈగలాగా తయారుచేస్తారు. అంత తేలికైన దాన్ని విసరడం ఎవరి తరం? అందుకే లావుపాటి పట్టుతాడు, దాని కొసన ఈగను కట్టే సన్నదారం ఉంటాయి. ఆ తాడు బరువే గాలిలో పరుచుకుంటూ పోయి ఈగను నీటి మీద దించుతుంది.

జీవమ్మ ఒడ్డున కూర్చుని చూసేది. మంచు ఇంకా నీళ్ల మీద నుంచి లేవలేదు. ఆ తెలుపులో తాడు ఒక వంపు తిరిగి, విప్పుకుని, చప్పుడు లేకుండా వాలేది. ఒకనాడు దొరసాని కర్రను ఆమె చేతికిచ్చింది. మొదటి రోజు తాడంతా జీవమ్మ మెడకు చుట్టుకుంది. నెల తిరిగేసరికి పదిహేను అడుగుల దూరంలో తేలుతున్న ఎండుటాకు పక్కన ఈగను దించగలిగింది. వార్డులో పగలూ రేయీ ఎవరి నొప్పులో, ఎవరి ఏడుపులో. నది దగ్గర ఉన్న ఆ గంట మాత్రం తనకు ఒళ్లు ఉన్న సంగతే మరిచిపోయేదాన్నని ఆమె నాతో అంది.

నలభై ఏడు మొదట్లో దొరసాని తల్లికి జబ్బు చేసిందని ఉత్తరం వచ్చింది. ఇక తిరిగి రానని చెప్పి సామాను సర్దుకుంది. గాలం కర్రనూ పట్టుతాడునూ కొన్ని ఈగలనూ జీవమ్మకు ఇచ్చింది. కర్ర అడుగున తగిలించి తాడు చుట్టుకునే రీలును మాత్రం ఇవ్వలేకపోయింది. అది యుద్ధంలో చనిపోయిన తన తమ్ముడిదట. దాన్ని చేతిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటూ, మన్నించమంది. జీవమ్మ ఆ సంచిని తానే స్టేషన్‌కు మోసింది.

రీలు లేని కర్రతో జీవమ్మ కొన్ని వారాలు తిప్పలు పడింది. మిగులు తాడును ఎడమచేతికి చుట్టుకునేది. చేప లాగినప్పుడు అది వేళ్లను కోసేది, లాగనప్పుడు కాళ్లకు చుట్టుకునేది. భర్త కృపావరం మిషన్ బడిలో వడ్రంగం నేర్పేవాడు. మాటలు తక్కువ మనిషి. భార్య వేళ్ల మీద గాట్లు చూసి, రెండు ఆదివారాలు కూర్చుని టేకుతో ఒక చక్రం చేసిచ్చాడు. నున్నగా, అందంగా వచ్చింది. కాని నీళ్లు తగలగానే ఉబ్బి బిగుసుకుపోయింది. మూడోసారి బిగుసుకున్నాక ఆయనే దాన్ని అటక మీద పెట్టేశాడు. ఆ తర్వాత చాలా రోజులు గాలం మాట ఎత్తలేదు.

మద్రాసు అంగడి నుంచి కొత్తది తెప్పిస్తే ఆమె రెండు నెలల జీతం పోతుంది. ఎక్కడైనా పాతది దొరికితేనే. అయితే నంద్యాలలో పాత రీలు ఎవరి దగ్గర ఉంటుంది?

ఆ ఏడు వానాకాలంలో ఆళ్లగడ్డ నుంచి హుస్సేన్‌బీ అనే ఆమె కాన్పుకు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజులు జీవమ్మ మంచం పక్క నుంచి కదల్లేదు. తల్లీ బిడ్డా దక్కారు. తేరుకున్నాక హుస్సేన్‌బీ కబుర్లు మొదలుపెట్టింది. ఆమె మొగుడు హుస్సేన్ పీరా ఆళ్లగడ్డ బజారులో తాళాలు, గడియారాలు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేస్తాడు. ఊరు వదిలి వెళ్లిన ఒక కాలువ ఇంజనీరు దొర సామాను వేలం వేస్తే, పనిముట్లు ఉంటాయన్న ఆశతో ఒక పెట్టె పాడుకున్నాడట. తెరిచి చూస్తే పనికొచ్చేవి నాలుగైదే. మిగతావి దారం చుట్టే గిలకలు మూడు. అవి దేనికో ఊళ్లో ఎవరికీ తెలియలేదట. జీవమ్మ బిడ్డను తుడుస్తున్నదల్లా ఆగి, గిలకలు ఎంతెంత ఉన్నాయని అడిగింది.

కార్తీకంలో ఒక శనివారం సెలవు దొరికింది. కర్రను పాత చీరముక్కలో చుట్టుకుని బొగ్గు కాల్చిన గ్యాసుతో నడిచే బస్సు ఎక్కింది. శిరివెళ్ల దాటేసరికి ఎడమ పక్కన నల్లమల నీలంగా, పొగలాగా, బస్సుతోపాటే నడుస్తూ వచ్చింది. జొన్నచేలు కంకులు వేసి ఉన్నాయి. మిట్ట ఎక్కలేక బస్సు ఆగినచోటల్లా కండక్టరు దిగి బొగ్గు తిరగతోసేవాడు. అందరూ విసుక్కుంటుంటే జీవమ్మ కిటికీ మీద తల ఆనించి, గాలికి ఒకే దిక్కుకు వంగి లేస్తున్న చేలను చూస్తూ కూర్చుంది. ఎంతసేపు ఆగినా ఆమెకు తొందర లేదు.

పీరా అంగడి రాతిపని వాళ్ల వీధి మొదట్లో ఉంది. ఉలి చప్పుళ్లు ఎడతెగకుండా వినిపిస్తున్నాయి. పీరా నలభై ఏళ్ల మనిషి. ఒక కంటికి భూతద్దం పెట్టుకుని గడియారం విప్పుతున్నాడు. జీవమ్మను చూడగానే లేచి, స్టూలు తుడిచి వేశాడు. వచ్చిన పని విని, లోపలికి వెళ్లి మూడు గిలకలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఒకటి ఇత్తడిది. బరువుగా, చింతపండు వేసి తోమిన చెంబులా మెరుస్తోంది. రెండోది తెల్లటి లోహంతో చేసినది. పిడిని ఒకసారి తిప్పితే లోపల నాలుగు చుట్లు తిరుగుతుంది. మూడోది నల్లటిది. అరచేతిలో ఇమిడేంత. రంగు చాలామటుకు పోయింది. తాడు ఆరడానికి పక్కల్లో చిన్నచిన్న రంధ్రాలున్నాయి. కొమ్ముతో చేసిన పిడి అరిగి నున్నబడింది.

"ఇత్తడిది తీస్కో అక్కా. నీ మనవళ్లు గూడా తిప్పుతారు," అన్నాడు పీరా.

జీవమ్మ కర్ర ముక్కలు మూడూ కలిపింది. ఇత్తడి గిలకను కర్ర బెండుపిడి అడుగున తగిలించి, దాన్ని పట్టి ఉంచే రింగులు బిగించి, కర్రను చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టింది. గిలక ఉన్నవైపు దభీమని కిందికి పోయింది.

"దీంతో పొద్దుగూకులూ విసిరితే చెయ్యి పడిపోతాది అన్నా. కర్ర తేలికది. గిలక గూడా తేలిగ్గుండల్ల."

తెల్లటిదాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది. ఇరుసు అరిగి లోపల చక్రం ఊగుతోంది. పైగా కర్రకు ఆనే దాని పాదం వెడల్పు. రింగుల్లో దూరదు. అరగదీస్తానని పీరా ఆకురాయి అందుకోబోతే వద్దంది.

నల్లదాని పాదం సరిగ్గా కూర్చుంది. మళ్లీ కర్రను వేలి మీద నిలబెట్టింది. కొస కొంచెం ఊగి, కొంచెం లేచి, నిలిచింది. పీరా భూతద్దం తీసి పక్కన పెట్టాడు. కర్ర ఆమె వేలి మీద ఏ వైపూ వంగకుండా అలాగే పడుకుని ఉంది. బయట ఉలి చప్పుళ్లు ఆగిపోయినట్టు అనిపించిందట ఆమెకు.

"అది చెడిపోయింది అక్కా," అన్నాడు పీరా. "తిప్పితే చప్పుడే లేదు సూడు. కరిగించేదాంట్లో వేద్దామనుకుంటి."

అతను చెప్పింది నిజమే. దొరసాని రీలు తాడు వదిలేటప్పుడు కిర్రుమనేది. ఆ కిర్రుమనేదే చక్రాన్ని పట్టి ఆపే అడ్డు. అది లేకపోతే చేప గుంజినప్పుడు చక్రం పిచ్చిపట్టినట్టు తిరిగి తాడంతా చిక్కు పడిపోతుంది. జీవమ్మ అది చెప్పగానే పీరా ముఖం మారింది. గిలక దేనికో ఇప్పుడు అతనికి అర్థమైంది. మూత మరమేకు విప్పి చూశాడు. లోపల చక్రానికి తగిలే చిన్న పన్ను ఒకటి ఉంది, దాన్ని వెనక నుంచి నెట్టాల్సిన స్ప్రింగు ముక్కలైంది. పన్ను మాత్రం బాగానే ఉంది. చచ్చిన అలారం గడియారం ఒకటి విప్పి, దాని స్ప్రింగు తీసి, కత్తిరించి వంచాడు. అది టక్కున విరిగింది. రెండో ముక్కను కాల్చి వంచి బిగిస్తే, చక్రం కదలనే లేదు. అంత గట్టిదైతే సన్నదారం పుటుక్కుమంటుందని జీవమ్మ చెప్పింది. పీరా తల ఊపి, ఇంకో ముక్కను ఆకురాయి మీద పలచగా రుద్దడం మొదలుపెట్టాడు.

హుస్సేన్‌బీ ఆమెను లోపలికి పిలిచి, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. మూడు నెలల బిడ్డను ఒడిలో వేసింది. ఆడమనిషి ఏట్లో చేపలు పట్టడమేందని నవ్వింది గాని, తాడు గాలిలో ఎట్లా పోతుందో చెప్పించుకుని శ్రద్ధగా విన్నది. బిడ్డ నిద్రపోయాడు. పెరట్లో ఎండ మెల్లగా గోడెక్కుతోంది. ముందుగది నుంచి ఆకురాయి గీకుడు, ఆగడం, మళ్లీ గీకుడు. జీవమ్మకూ కునుకు పట్టింది. ఆ కునుకులో కుందూ మీద మంచు కనిపించిందట. లేచేసరికి ముందుగదిలో కిర్రు, కిర్రు అని వినబడుతోంది.

పీరా గిలకను ఆమె చేతికిచ్చాడు. వక్కిలేరు దగ్గరే కదా, చూద్దాం పదమన్నాడు. మధ్యాహ్నం పూటే అంగడి మూసి ఆమెతో నడిచాడు. హుస్సేన్‌బీ బిడ్డను చంకనేసుకుని వెనకే వచ్చింది.

వానలు పోయి ఏరు తేటపడింది. అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి. జీవమ్మ చెప్పులు విడిచి మోకాలి లోతు దిగి, తాడు వదిలింది. వెనక్కి, ముందుకు, మళ్లీ వెనక్కి. గిలక అక్కడ ఉందో లేదో చేతికి తెలియలేదట. తాడు ఎండలో పసుపుపచ్చగా వంపు తిరిగి, అవతలి గట్టు నీడలో వాలింది. నాలుగోసారో ఐదోసారో ఆ నీడ చిట్లింది. కర్ర వంగింది. గిలక కిర్రుమంటూ తాడు వదిలింది, ఆగింది, మళ్లీ వదిలింది. పీరా నీటివైపు చూడలేదు. తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటున్నాడు.

"పాడతాండాది," అన్నాడు మెల్లగా.

పడింది జానెడు పక్కె చేప. హుస్సేన్‌బీ దాన్ని ఒక పెద్ద ఆకులో చుట్టుకుంది.

గిలకకు ఏమీ వద్దన్నాడు పీరా. ఇంటిదాన్నీ బిడ్డనూ నిలబెట్టిన మనిషి దగ్గర దుడ్లు తీసుకోలేనన్నాడు.

"ఆ పనికి నాకు ఆసుపత్రి జీతమిస్తాది," అంది జీవమ్మ. "నీ పనికి నేనియ్యల్ల. ఊరకే ఇస్తే నేను తీసుకోను, ఈడనే పెట్టి పోతా."

చివరికి పీరా మూడు రూపాయలన్నాడు. ఆమె లెక్కపెట్టి ఇచ్చింది. సాయంత్రం బస్సుకు నంద్యాల చేరింది.

కృపావరం గిలకను దీపం దగ్గర పెట్టి మూత విప్పి, ఆ స్ప్రింగును చాలాసేపు చూశాడు. ఆయన చేసిన టేకు చక్రం సంగతి ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. పీరా మంచి పనివాడు అని మాత్రం అన్నాడు. రెండు రోజుల తర్వాత బడి నుంచి వస్తూ, దారిలో దొరికిన పాలపిట్ట ఈకలు రెండు జేబులో వేసుకుని వచ్చాడు. దొరసాని వదిలి వెళ్లిన పాత ఈగల్లో ఒకదాన్ని విప్పి, ఎట్లా కట్టారో చూసి, ఆ రాత్రే కట్టడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్లకు ఆ పని బాగా అబ్బింది. తర్వాత ఆ ఇంట్లో ఈగలకు కరువు లేదు.

శనివారాలు ఇద్దరూ కుందూ దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆమె నీళ్లలో, ఆయన ఒడ్డున. నలభై తొమ్మిది శీతాకాలంలో ఒక పొద్దున జీవమ్మ నీళ్లలోంచి వచ్చి కర్రను ఆయన చేతిలో పెట్టింది. వద్దు వద్దంటూనే దిగాడు. తాడు రెండుసార్లు తుమ్మచెట్టుకు చిక్కింది. మూడోసారి నీటిలో పడింది, పడీపడగానే గిలక కిర్రుమంది.

ఆయన ఏమన్నాడని నేనడిగాను.

"ఏమనలే," అంది జీవమ్మ. "ఇంటికొచ్చేదాంక నవ్వుతానే ఉన్న్యాడు."