రుక్కమ్మ చెవులు పట్టుకున్న కథ

చివ్వెంల దగ్గరి ఓ ఊళ్లో, అంగన్‌వాడీలో రుక్కమ్మ పదకొండేళ్లుగా ఆయా. పిల్లలకు వండిపెట్టేది, ముక్కులు తుడిచేది, టీచరు రాని రోజున పాటలూ చెప్పేది. 2011లో ఆ టీచరు ఇంకో ఏడాదిన్నరలో దిగిపోతుందని తెలిసింది. ఆ కుర్చీ రుక్కమ్మకు రావచ్చు, కానీ పదో తరగతి పాసై ఉండాలి. రుక్కమ్మ చదివింది మూడు.

అదీ సగమే. గొర్రెపిల్లలను దొడ్లోకి తోలి ఆలస్యంగా వచ్చిందని చిన్నప్పుడు బడిలో ఆమె చేత యాభై గుంజీలు తీయించారు. క్లాసంతా పగలబడి నవ్వింది. మర్నాటి నుంచి రుక్కమ్మ ఆ గడప తొక్కితే ఒట్టు. మొండితనంలో ఆమెకు ఆమే సాటి.

అలాంటి మనిషి నలభై ఏళ్లకు ఓపెన్ స్కూల్లో పదికి పేరు రాయించుకుంది. ఆదివారాలు సూర్యాపేటలో క్లాసులు. కోడి కూయకముందే లేచి, ఇంటి పని, గొర్రెల పని ముగించి బస్సెక్కినదానికి మధ్యాహ్నం లెక్కల క్లాసులో కళ్లు మూతలు పడక ఏం చేస్తాయి? ఆమె ఒక్కతే కాదు, సగం గది కునికేది. లెక్కలు చెప్పే ఏసుపాదం సారు కోదాడ నుంచి వచ్చేవాడు. ఓ రోజు ఆయన సుద్దముక్క పక్కన పెట్టి, "అందరూ లేవండమ్మా. ఎడం చేత్తో కుడి చెవి, కుడి చేత్తో ఎడం చెవి పట్టుకోండి. గుంజీలు తీద్దాం" అన్నాడు.

రుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. సంచి భుజానికేసుకుంది.

"కన్నంటుకుంటే గుంజీలు తీపిస్తవా సారూ? నా బిడ్డకు పెండ్లీడొచ్చింది. ఇగ నాకీ సదువొద్దు, ఏం వద్దు" అంటూ గుమ్మం దాకా వెళ్లింది.

"శిక్ష కాదమ్మా, వ్యాయామం. నిద్రమత్తు వదులుతుంది. ముందు నేను తీస్తాను, చూడండి."

తల నెరిసిన ఆ పెద్దమనిషి తన చెవులు తానే పట్టుకున్నాడు. ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు, వదులుతూ లేచాడు. మోకాళ్లు పటపటమన్నా ఆపలేదు. ఎవరూ నవ్వలేదు. ఏడో గుంజీకి రుక్కమ్మ సంచి కింద పెట్టింది.

మరుసటి ఏడాది పరీక్షలో లెక్కల పేపరు చూడగానే ఆమెకు చెమటలు పట్టాయి. వచ్చిన లెక్కలు కూడా రానట్టే ఉన్నాయి. లేచి నిలబడి, పరీక్ష గదికి కాపలా ఉన్న మేడాన్ని పిలిచింది.

"మేడం, జర ఎనక నిలబడి పది గుంజీలు తీస్త."

"ఏం తప్పు చేశారమ్మా?" అందామె తెల్లబోయి.

"తప్పు కాదు మేడం, ఏం యాదికొస్తలేదు."

హాలంతా నవ్వింది. ఒకప్పుడైతే ఆ నవ్వుకే ఇల్లు చేరేది. ఇప్పుడు పది గుంజీలూ పూర్తిచేసి, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. మెదడే లేచిందో, భయమే పోయిందో గానీ, మొదటి లెక్క కదిలింది. దాని వెనక రెండోది. లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. పాసు.

జున్ను తీసుకుని కోదాడ వెళ్లింది. గిన్నె ఏసుపాదం సారు చేతిలో పెట్టి ఏడ్చేసింది.

టీచరైన నెలకే అంగన్‌వాడీ గుమ్మంలో ఓ పిల్ల తల్లి జమ్లీ నిలబడింది, తండా నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చి.

"నా బిడ్డ ఏం తప్పు జేసిందని చెవులు పట్టిచ్చినవ్ రుక్కమ్మా?"

ఆ కోపం రుక్కమ్మకు కొత్తది కాదు. ముప్పై ఏళ్లు మోసింది. అందుకే చేతులు అడ్డంగా వేసి తన చెవులు పట్టుకుంది.

"తప్పు జేస్తే తీసేటియి కావు జమ్లీ. ముందుగాల నేను తీస్త, సూడు. నాకు సదువు జెప్పినాయన గూడ గిట్లనే తీసిండు. గాయిన సల్లగుండాలె" అని కూర్చుంది, లేచింది. ఆమె మోకాళ్లూ పటపటమన్నాయి.