జైనబీ విమానమెక్కిన గురువారం

రాయచోటి జైనబీకి కోపం వస్తే అరవదు. పళ్లు బిగబట్టి పని చేస్తుంది. రెండువేల ఎనిమిదిలో ఆ వారమంతా, అరబ్బు దేశంలో ఖురం అనే పేటలోని సదాశివరావు గారి వంటింట్లో గిన్నెల మోతకు పిల్లి కూడా గుమ్మం తొక్కలేదు.

కోపం రాదా మరి? ఏళ్ల తరబడి ఆ ఇంటికి వండిపెట్టింది. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. అలాంటిదాన్ని పట్టుకుని తాగుబోతు అన్నారు.

జరిగిందేమిటంటే, మేడమ్ వసుమతి తన నలభయ్యో పుట్టినరోజు కోసం ఫ్రాన్సు వైను సీసా ఒకటి అపురూపంగా దాచుకుంది. వేసవిలో ఆమె విజయవాడ వెళ్లినప్పుడు, మొగుడుగారు ఒక్కడే కూర్చుని దాన్ని ఖాళీ చేసి చెత్తబుట్టలో పడేశాడు. చెత్త తీస్తూ జైనబీ చూసింది. మందపాటి పచ్చగాజు, ముచ్చటైన మెడ. తాగుడు సీసా అని తెలియక కాదు, గాజుకేం పాపం అనుకుంది. వేణ్ణీళ్లతో మూడుసార్లు కడిగి, తలకు రాసుకునే కొబ్బరినూనె పోసి తన గది కిటికీలో పెట్టుకుంది. అదే కొంప ముంచింది. మేడమ్ తిరిగొచ్చి వెతికితే సీసా అక్కడ దొరికింది. సదాశివరావు నోరు మూసుకుని ఊరుకున్నా కొంత నయం. తనకెప్పుడో అనుమానం వచ్చిందనీ, ఆ కళ్లు చూస్తేనే తెలుస్తోందనీ ఆజ్యం పోశాడు. ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినకుండా మేడమ్ శనివారానికి ఊరికి టికెట్ తీయించింది.

పంపేస్తే పంపేయనీ, పని ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ మాట డ్రైవర్ రషీద్ నోట పడి, శుక్రవారాలు మత్రా సముద్రపు గట్టున కలిసే కడప ఆడవాళ్లందరికీ చేరింది. సొంత పిన్నమ్మ కూతురు మున్నీ కూడా ఆమె పక్కన కూర్చోకుండా జరిగిపోయింది. ఇక్కడ పుట్టిన మాట ఫోనెక్కి రాయచోటి చేరడానికి ఎంతసేపు? ఆ పేరుతో ఊళ్లో దిగడం కంటే ఈ సముద్రంలో దూకడం మేలనుకుంది. మరుక్షణమే, నేనెందుకు దూకాలి, ఆ దొంగ సచ్చినోడు దూకాలి అనుకుంది. వాడి గుట్టు వాడి నోటితోనే కక్కించకపోతే నా పేరు జైనబీయే కాదు.

పుట్టినరోజు గురువారం వచ్చింది. ఆఫీసులకు గురు, శుక్రవారాలు సెలవు. పగలు చిన్న విమానంలో షికారు, సాయంత్రం హోటల్లో మేలైన వైనుతో భోజనం అని మేడమ్ ముచ్చటపడి ఏర్పాటు చేసుకుంది. రావలసిన స్నేహితురాలు భయపడి మానేయడంతో ఒక సీటు మిగిలింది. తిండి బుట్ట మోయడానికి వెంట వచ్చిన జైనబీని చూసి, ఎలాగూ పోయే మనిషి కదా, ఎక్కనీ అంది మేడమ్. ఆ జాలికి జైనబీ ఒళ్లు మండింది. అయినా ఎక్కింది.

ఆటో అంత ఉంది ఆ విమానం. ముందు పైలట్, మేడమ్. వెనక సార్, ఆమె. పైలట్ అందరికీ హెడ్‌ఫోన్లు తగిలించి, మూతి దగ్గరికి మైకు వంచాడు. అంత ఇంజన్ హోరులోనూ ముందు సీట్లో మేడమ్ గుండె దడగా ఉందని గొణగడం జైనబీకి చెవిలో చెప్పినట్టు వినబడింది. ఓహో, ఇదా సంగతి అనుకుంది. సదాశివరావు మాత్రం కళ్లద్దాల కాడలు నొక్కుకుంటున్నాయని హెడ్‌ఫోన్లు చెవుల వెనక్కి తోసేసుకున్నాడు. మైకు మూతి ముందే ఉండిపోయింది.

కొండల మీదికి రాగానే వేడిగాలికి విమానం ఒక్కసారిగా కిందికి జారింది. సదాశివరావు ఎవరి చెయ్యో కూడా చూసుకోకుండా జైనబీ చెయ్యి పట్టేసుకున్నాడు. దొరికినావురా అనుకుంది. తన మైకును గుప్పిట్లో మూసి, అతని చెవి దగ్గరికి వంగింది.

"సార్, ఇట్లాంటివి శానా కూలినాయంట. పాపం నెత్తిన పెట్టుకోని పోతే పైన దేవునికి ఏం చెప్తారు? ఆ సీసా ఎవరు తాగినారో ఇప్పుడన్నా చెప్పేయండి."

విమానం మళ్లీ జారింది.

"నేనే తాగాను జైనబీ. నేనే. నీ మీదికి తోసేశాను. వసుకి మాత్రం చెప్పకు, నీకు దణ్ణం పెడతాను."

ముందు సీట్లోంచి మేడమ్ గొంతు జైనబీ చెవుల్లో పడింది. ఆయన చెవులకు అవి సరిగ్గా పెట్టమంది. జైనబీ తన చేతులతోనే, ఎంతో మర్యాదగా, హెడ్‌ఫోన్లు ముందుకు లాగి పెట్టింది.

"మేడమ్ పిలుస్తాండారు సార్."

ఆ తర్వాత నేల మీద దిగేదాకా సదాశివరావుకు విమానం కూలుతుందన్న భయం లేదు. కూలితే బాగుండునన్న ఆశే.

సాయంత్రం హోటల్లో మేడమ్ ఒక్కతే కూర్చుని వైను ఆఖరి చుక్కదాకా తాగిందట, సార్ ముందు నిమ్మరసం పెట్టించిందట. ఆ కబురు మోసుకొచ్చింది కూడా రషీదే. అతని నోటి వల్ల జైనబీకి కలిగిన మేలు అదొక్కటే. ఇంటికి రాగానే మేడమ్ ఆమె చేతులు పట్టుకుని తప్పయిపోయిందని ఏడ్చింది. టికెట్ రద్దు చేయిస్తాను, ఉండిపొమ్మంది. జైనబీ చేతులు వెనక్కి తీసుకుంది.

"టికెట్ ఉండనీయండి మేడమ్. రేపు సార్ మత్రాకు రావాల."

శుక్రవారం సాయంత్రం మత్రా గట్టు మీద, కడప ఆడవాళ్ల మధ్య సదాశివరావు నిలబడ్డాడు. ఆఫీసులో అందరినీ గడగడలాడించే మేనేజరు, చెప్పుల వంక చూసుకుంటూ ఏదో గొణిగాడు. వెనకనుంచి మున్నీ, ఏమంటాండాడు అని అడిగింది.

జైనబీ కొంగు నడుముకు దోపుకుంది.

"గట్టిగా చెప్పండి సార్. ఈడ మైకు లేదు."